శాతం చెప్పారు సరే, దారి ఎవరు చెబుతారు?

తెలంగాణ ప్రభుత్వ వైద్యారోగ్య, పాఠశాల విద్య, మహిళా శిశు సంక్షేమ, దివ్యాంగుల సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టర్లకు, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల తరఫున ఒక తల్లి రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా బాబుకి 14 ఏళ్లు. వాడికి ఆటిజం ఉంది, అంటే మాట, నలుగురితో మెలగడం, చప్పుళ్లు తట్టుకోవడం మిగతా పిల్లల్లా ఉండని ఎదుగుదల తేడా. ఇలాంటి పిల్లలున్న పదకొండు కుటుంబాలం కలిసి ఏడాదిన్నర కాలంలో మూడుసార్లు ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ రశీదు చేతికొచ్చింది. ఒకసారి మాత్రం, అర్జీని సంబంధిత శాఖకు పంపామని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆ సంబంధిత శాఖ ఏదో ఇప్పటికీ తెలియలేదు. వైద్యం వాళ్లని అడిగితే బడి వాళ్లని అడగమంటారు. బడి వాళ్లు సంక్షేమ శాఖ అంటారు. సంక్షేమం వాళ్లు ముందు సర్టిఫికెట్ తెచ్చుకోమంటారు. సర్టిఫికెట్ ఇచ్చేది మళ్లీ వైద్యం వాళ్లే. అందుకని ఈసారి నాలుగు శాఖలకూ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను, నలుగురూ చదివేలా.

ముందు నా తప్పు నేను చెప్పుకుంటాను.

మా వాడు ఇరవై నెలలప్పుడు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందకి దూరేవాడు. సైకిల్‌ని పక్కకి పడేసి దాని చక్రం తిప్పుతూ పొద్దంతా కూర్చునేవాడు. నీళ్లు కావాలంటే వేలు పెట్టి చూపించడం తెలియదు, నా మణికట్టు పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్లేవాడు. "వస పోయలే, గందుకే మాటలు వస్తలేవు" అంది మా అత్తమ్మ. వస కొమ్ము అరగదీసి నాకించాం. "మొగపిల్లలకు మాటలు ఆలస్యంగనే వస్తయ్ తీ" అన్నారు వాడకట్టు వాళ్లు. మూడేళ్లు నిండగానే బాసర తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయించాం. పలక మీద చెయ్యి పట్టుకుని ఓం రాయిస్తుంటే వాడు పూజారి వేలికున్న ఉంగరం వంకే చూస్తూ కూర్చున్నాడు.

వాడకట్టు వాళ్లన్న ఆ మాటే నేను మా కేంద్రానికి వచ్చే తల్లులకూ చెప్పాను. ఒకరికి కాదు, అయిదుగురికి. ఆ అయిదుగురు పిల్లల్లో ఇద్దరికి తర్వాత ఆటిజం అని తేలింది. బరువు తూచడం, ఎత్తు కొలవడం, దండచేయి చుట్టుకొలత చూడటం నాకు బాగా నేర్పించారు. పిల్ల వేలు పెట్టి చూపిస్తోందా లేదా అన్నది కూడా ఒక కొలతే అని ఎవరూ చెప్పలేదు. ఆ ఇద్దరు తల్లులూ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

మూడేళ్లప్పుడు చూపించిన ప్రైవేటు డాక్టరు గారు ఇంకో ఏడాది చూద్దామన్నారు. నాలుగున్నర ఏళ్లకి హైదరాబాద్‌లో ఆటిజం అన్న మాట మొదటిసారి విన్నాం. వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి వాడికి తొమ్మిదేళ్లు. ఆ సర్టిఫికెట్ కోసం శిబిరానికి వెళ్లిన రోజు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం మొత్తం ఆ రోజులోనే ఉంది.

స్లాట్ కోసం మీసేవ చుట్టూ నాలుగు నెలలు తిరిగాం. శిబిరానికి పొద్దున ఏడింటికి వెళితే మధ్యాహ్నం రెండు దాటాక పిలిచారు. ఇరుకు వరండా, జనం, పేర్లు పిలిచే మైకు. చప్పుడు పడని పిల్లవాణ్ని ఏడు గంటలు అక్కడ కూర్చోబెడితే ఏమవుతుందో అదే అయింది. నేల మీద పడి దొర్లాడు, నా ముంజేయి కొరికాడు. లోపలికి వెళ్లాక డాక్టరు గారు "పేరేంటి బాబూ?" అన్నారు. వీడు "పేరేంటి బాబూ" అన్నాడు. "స్కూల్‌కి పోతావా?" "స్కూల్‌కి పోతావా." నాలుగైదు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ డాక్టరు గారిని తప్పుపట్టను, బయట ఇంకా వంద మంది ఉన్నారు. కొన్నాళ్లకి కాగితం వచ్చింది. అందులో శాతం ఉంది. మానసిక వైకల్యం అని ఉంది. ఆటిజం అన్న మాట లేదు, ఎందుకంటే వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే అప్పటి సర్కారు పద్ధతి, సదరం, దాని లెక్కలో ఆటిజానికి వేరే గడి లేదు.

కాగితం పట్టుకుని ఇంటికొచ్చాం. మర్నాడు పొద్దున వాడికి ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో, ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో అందులో ఒక్క ముక్క లేదు.

మా బాధంతా ఇదే. మన దగ్గర పరీక్ష చేసేది పింఛను తేల్చడానికి. శాతం 40కి చేరిందా లేదా, అంతవరకే. పింఛను వద్దని నేననను, నెలకు వచ్చే 4,016 రూపాయలు మా ఇంట్లో చాలా పనులకు వస్తున్నాయి. కానీ పిల్లవాడికి మాట కన్నా బొమ్మ చూపిస్తే త్వరగా అర్థమవుతుందా, ఏ చప్పుడుకి భయపడతాడు, ఎందుకు తెల్లన్నం మాత్రమే తింటాడు, ముందు మలవిసర్జన అలవాటు చేయాలా అక్షరాలు దిద్దించాలా, ఇవి చెప్పేదే కదా అసలు పరీక్ష.

విచిత్రమేమిటంటే ఆటిజం తీవ్రత కొలవడానికి దేశమంతా వాడే భారతీయ కొలమానం, ఐసా, తయారైంది మన సికింద్రాబాద్‌లోనే, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో. ఆరు విభాగాలు, 40 అంశాలు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్టు, 153 దాటితే తీవ్రం. తల్లిని కూర్చోబెట్టి అడగాలి, పిల్లవాణ్ని ఆడించి చూడాలి. ఆ 40 అంశాలకు వచ్చిన మార్కులు విడివిడిగా తల్లి చేతికిచ్చినా సగం దారి తెలుస్తుంది. మాకు ఎప్పుడూ మొత్తమే చెబుతారు, విడి మార్కులు ఫైల్లోనే ఉండిపోతాయి.

చట్టం మాట ఒకటి రెండు చెప్పి ముందుకు వెళతాను. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేర్చారు. ఆ చట్టం 25వ సెక్షన్ పిల్లలందరినీ ఏడాదికి ఒక్కసారైనా పరీక్షించి, ప్రమాదం ఉన్నవాళ్లను గుర్తించమంది. 31వ సెక్షన్ 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలోనో, కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచిత చదువు హక్కు అంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు చూస్తుంది. దాని బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వస్తున్నారు కూడా. మా కేంద్రానికి వచ్చినప్పుడు పళ్లు, కళ్లు, రక్తహీనత చూసి గంటన్నరలో ముగిస్తారు. నలుగురు మనుషులు రోజుకు ఎన్ని ఊళ్లని తిరుగుతారు పాపం.

కాగితం మీద ఇన్ని ఉండగా మా ఇళ్లలో ఏం జరుగుతోందో వినండి.

1. కాలం పోతోంది. మాట, ఆట, నలుగురితో మెలగడం త్వరగా పట్టుబడేది మొదటి అయిదారేళ్లలో. మా వాడికి అందులో నాలుగున్నర ఏళ్లు వస కొమ్ముకీ, చూద్దాంలే అన్న మాటకీ పోయాయి. మా పదకొండు కుటుంబాల్లో ప్రతి తల్లీ ఎవరో ఒక థెరపిస్టు నోట విన్న మాట ఒకటుంది: "రెండేళ్లప్పుడే తేవాల్సిందమ్మా." రెండేళ్లప్పుడు ఎక్కడికి తేవాలో ఎవరు చెప్పారు?

2. కుటుంబాలు రెండుగా చీలుతున్నాయి. మాట నేర్పే స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ దొరికేది హైదరాబాద్‌లో, ఇంకా ఒకటి రెండు పట్టణాల్లో. మేము కట్టింది సెషన్‌కి 700. వారానికి అయిదు, అంటే నెలకు 14,000. పింఛను డబ్బు ఆరు సెషన్లకు కూడా రాదు. మా ఆయన ఎలక్ట్రీషియన్. నాకు సెలవు దొరకదు. చివరికి మా అత్తమ్మే మనవణ్ని తీసుకుని హైదరాబాద్‌లో ఒక రేకుల గదిలో 14 నెలలు ఉంది. వస పోయలేదని నన్ను తిట్టిన మనిషే, చదువు రాని మనిషే, థెరపీ గది కిటికీలోంచి చూసి చూసి బొమ్మల కార్డులు పెట్టి వాడికి "నీళ్లు", "బువ్వ", "ఒంటికి" నేర్పింది. వాడు తనంతట తాను అన్న మొదటి మాట "నానమ్మ కార్డు". ఇంత చేయగలిగిన ముసలావిడకు ఆ పాఠం మా మండలంలోనే నేర్పే మనిషి ఉండి ఉంటే ఆ 14 నెలలు ఆమె ఇల్లు వదలాల్సి వచ్చేది కాదు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు, సంతోషం. వారం వారం చేయించే ఈ థెరపీకి మాత్రం అందులోంచి మాకు ఒక్క రూపాయి అందలేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష వరకు ఉంటుందనీ, థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుందనీ మాకు తెలిసింది వాడికి పదకొండేళ్లు వచ్చాక, బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఇంకో తల్లి చెబితే.

3. ఆశ అమ్మేవాళ్లు బాగుపడుతున్నారు. సర్కారు దగ్గర దారి కనబడకపోతే మనిషి ఊరుకోడు కదా. తాయెత్తులు, గాలి సోకిందని దిగదుడుపులు, ఇవన్నీ చవకలో పోయే ఖర్చులు. మా వాళ్లలో ఒక కుటుంబం ఇరవై గుంటల భూమి అమ్మి స్టెమ్ సెల్, అంటే మూలకణాల ఇంజెక్షన్లు చేయించింది. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయలేమనీ, దాన్ని ప్రచారం చేసే డాక్టర్లది వృత్తిపరమైన తప్పిదమేననీ జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022 డిసెంబర్‌లోనే చెప్పింది. ఆ మాట ఇంగ్లిష్‌లో ఢిల్లీలో ఉండిపోయింది. అమ్మేవాడి కరపత్రం మాత్రం తెలుగులో మా బస్టాండ్ దాకా వచ్చింది.

4. బడి రిజిస్టర్‌లో పేరుంటుంది, బడిలో పిల్లవాడుండడు. ప్రైవేటు బళ్లు మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదని సున్నితంగా పంపించేస్తాయి. సర్కారు బడి కాదనదు, కానీ తల్లి పక్కన కూర్చుంటేనే అంటుంది. కూలికి పోయే తల్లి ఎన్ని రోజులు కూర్చుంటుంది? మా మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం ఉంది, అందులో చెప్పే రిసోర్స్ టీచర్ల మీద నాకు గౌరవం. కాంట్రాక్టు జీతానికి ఇరవై ఊళ్ల పిల్లల్ని చూస్తారు. నడవలేని పిల్ల, వినబడని పిల్లవాడు, మా వాడు, అందరూ ఒకే గదిలో, ఒకే టీచర్ దగ్గర. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలంది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టుల్లో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు పెట్టారు. ఇది మంచి పని, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాం. అయితే 33 జిల్లాలకు పంచితే జిల్లాకు ముప్పై మంది. మండలాలేమో ఆరు వందలకు పైనే.

5. ఆడపిల్లలు లెక్కలోకే రావడం లేదు. మగపిల్లవాడు అరిస్తే ఊరంతా తెలుస్తుంది. ఆడపిల్ల మాట్లాడకుండా మూలన కూర్చుంటే బుద్ధిమంతురాలంటారు. మాతో ఉన్న ఒక అమ్మాయి ఎనిమిదో తరగతి దాకా క్లాసులో రెండో మూడో ర్యాంకు. గురుకులంలో సీటొచ్చింది, ఇల్లంతా పండగ. మూడు వారాల్లో తిరిగొచ్చేసింది. హాస్టల్ డైనింగ్ హాల్లో కంచాల చప్పుడు, స్నానాల గదుల దగ్గర తోపులాట, రాత్రి అరవై మంది మధ్య నిద్ర, ఇవేవీ ఆమె తట్టుకోలేకపోయింది. ఎందుకు తట్టుకోలేకపోయిందో ఆమెకే తెలియదు, చెప్పలేకపోయింది. తన జుట్టు తానే పీక్కునేది. పొగరు అన్నారు, ఇంటి మీద బెంగ అన్నారు, ప్రేమ వ్యవహారమని కూడా అన్నారు. పదిహేనో ఏట ఒక సైకాలజిస్టు ఆటిజం అని చెప్పినప్పుడు ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న: "అయితే నేను చెడ్డదాన్ని కాదా?"

6. మీసాలొచ్చిన పిల్లలకు ఎక్కడా చోటు లేదు. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి ఎక్కువ రాస్తాను. జిల్లా ఆస్పత్రిలో సత్వర గుర్తింపు కేంద్రానికి, డైక్ అంటాం కదా, పన్నెండేళ్ల వాణ్ని తీసుకెళితే ఇది చిన్నపిల్లలకమ్మా అన్నారు. అక్కడి బల్లలు, బొమ్మలు, ఊయల అన్నీ అయిదేళ్ల లోపు వాళ్లవే, వాళ్లన్నదీ నిజమే. పెద్దల మానసిక వైద్యుల దగ్గరికెళితే నిద్ర మాత్ర రాశారు. మా వాడు ఆర్టీసీ బస్సు బోర్డులన్నీ గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. ఏ బస్సు ఏ ఊరు మీదుగా పోతుందో కండక్టర్‌కే చెబుతాడు. కడుపు నొప్పిగా ఉందని మాత్రం చెప్పలేడు. పోయిన ఏడాది నాలుగు రోజులు గోడకు తల కొట్టుకుంటే కోపం పెరిగిందని మందు పెంచారు. చివరికి చూస్తే పిప్పిపన్ను.

శరీరం మారుతున్నప్పుడు ఎక్కడ ఎలా ఉండాలో, ఎవరు తాకితే వద్దనాలో బొమ్మలతో, నెమ్మదిగా, వందసార్లు చెప్పాలి. ఆడపిల్లకు నెలసరి గురించి అది రాకముందే చెప్పాలి. ఈ పాఠం చెప్పే మనిషి మా జిల్లాలో ఒక్కరూ లేరు. అయిదేళ్లప్పుడు పరుగెత్తి వచ్చి కౌగిలించుకుంటే ముద్దొచ్చేవాడు. పద్నాలుగేళ్లప్పుడు దుకాణం దగ్గర తెలియని ఆడమనిషి చీర అంచు మెరుస్తోందని పట్టుకుంటే జనం కొట్టడానికి వచ్చారు. నేను వాడి మీద పడి దెబ్బలు కాచుకున్నాను. పదిహేడేళ్ల కొడుకుని లోపల పెట్టి తాళం వేసి బీడీల కార్ఖానాకి ఆకు తెచ్చుకోవడానికి పోయే తల్లి మాలో ఉంది. ఆమెను దుర్మార్గురాలని అనేముందు, ఆ రెండు గంటలు వాణ్ని ఎక్కడ ఉంచాలో ఎవరైనా చెప్పండి.

7. పదో తరగతి తర్వాత ఏమిటో తెలియదు. గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, ఓపెన్ స్కూల్, సర్కారు ఉద్యోగాల్లో దివ్యాంగులకిచ్చే నాలుగు శాతం రిజర్వేషన్‌లో వాటా, అన్నీ ఉన్నాయంటారు. అడగాలని తెలిసినవాళ్లకే అవి ఉన్నాయి. పద్దెనిమిది నిండాక బ్యాంకు ఖాతాకీ, ఆస్తికీ సంరక్షకులుగా ఉండాలంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ముందు దరఖాస్తు చేయాలట. మా పదకొండు కుటుంబాల్లో ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో తెలిసినవాళ్లు లేరు.

ఇవన్నీ పదకొండు ఇళ్ల కష్టాలే అనుకోకండి. దేశంలో అయిదు చోట్ల, అందులో హైదరాబాద్ ఒకటి, 2 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద చేసి 2018లో ప్రచురించిన ఇన్‌క్లెన్ అధ్యయనంలో ఎనిమిది మందిలో దాదాపు ఒకరికి ఏదో ఒక ఎదుగుదల లోపం కనబడింది. ఆటిజం మాత్రమే చూసినా నూటికి ఒకరు, కాస్త అటూ ఇటూ. మీ ఆఫీసులో వంద ఇళ్ల వాళ్లుంటే మీలోనూ ఒకరిద్దరికి నేను చెబుతున్నది తెలిసే ఉంటుంది.

మేము అడుగుతున్నవి ఇవి. చాలావాటికి కొత్త పథకం అక్కర్లేదు, ఉన్నవాటిని ఒకదానితో ఒకటి కలపాలి.

1. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ప్రతి బిడ్డా బూస్టర్ టీకాకి వస్తుంది. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా బాలామృతం ప్యాకెట్ కోసం తల్లి మా కేంద్రానికి వస్తుంది. ఆటిజం అనుమానాన్ని పట్టే ఎం-చాట్ ప్రశ్నలు ఇరవై, అవి కూడా సరిగ్గా 16 నుంచి 30 నెలల పిల్లల కోసమే. టీకా రోజునో, ప్యాకెట్ ఇచ్చే రోజునో ఆ ఇరవై ప్రశ్నలు తెలుగులో, ఉర్దూలో, లంబాడీ, గోండు మాటల్లో అడిగించండి. అవునా కాదా అన్నదే జవాబు, పది నిమిషాల పని. అంగన్‌వాడీల్లో దివ్యాంగ పిల్లల కోసం కేంద్రం 2023 నవంబర్‌లో విధివిధానాలు ఇచ్చింది. వాటి మీద మాకు కనీసం మూడు రోజులు, నిజమైన పిల్లల్ని చూపిస్తూ శిక్షణ ఇవ్వండి. జూమ్ మీటింగ్ వద్దు. మాకు ఇంకో రిజిస్టర్ కూడా వద్దు, ఉన్నవాటిలో ఒకటి తీసేసి ఇది పెట్టండి.

2. అనుమానం వచ్చిన రోజు నుంచి 15 రోజుల్లో డాక్టరు చూడాలి, 90 రోజుల్లో పూర్తి పరీక్ష అయిపోవాలి. ఈలోగా థెరపీ ఆగకూడదు. సర్టిఫికెట్ వచ్చాకే అన్న షరతు ఎత్తేయండి.

3. ఆటిజం పిల్లలకు వైకల్య శిబిరం వేరే రోజున పెట్టండి. నిశ్శబ్దంగా ఉన్న గది, టైము చెప్పి పిలవడం, రోజుకు ఎనిమిది మందికి మించకుండా. ఐసా 40 అంశాలూ పూర్తిగా చూడాలి. సదరం నుంచి దేశమంతా ఒకటిగా ఉండే యూడీఐడీ వైకల్య కార్డుకి మారుతున్న ఈ సమయంలోనే, పాత కాగితాల్లో మానసిక వైకల్యం గడిలో పడిపోయిన ఆటిజం పిల్లల్ని వెతికి సరిచేయండి. అందుకోసం మళ్లీ వరండాల్లో నిలబెట్టకండి. ప్రభుత్వ సంస్థ ఇచ్చిన పాత రిపోర్టు ఉంటే దాన్నే తీసుకోండి.

4. శాతంతో పాటు తెలుగులో రెండు పేజీల రిపోర్టు ఇవ్వండి. ఈ బిడ్డకు ఏమొచ్చు, ఏం కష్టం, ఇంట్లో మొదట నేర్పాల్సిన మూడు పనులు, బడిలో టీచర్ చేయాల్సిన మూడు మార్పులు, దగ్గర్లో వెళ్లాల్సిన చోటు, ఫోన్ నంబర్, మళ్లీ ఎప్పుడు రావాలి. మిగతా డిమాండ్లన్నీ పక్కన పెట్టి ఒక్కటే చేస్తామంటే ఇది చేయండి.

5. ప్రతి జిల్లాలో డైక్‌కి మంజూరైన పోస్టులెన్ని, మనుషులు ఉన్నవెన్ని, ఖాళీలెన్ని, పరీక్ష కోసం ఎందరు ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నారు, మూడు నెలలకోసారి బయటపెట్టండి. జిల్లా ఆస్పత్రిలో వారానికి ఒక రోజు పది నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు విడిగా క్లినిక్ నడపండి. అక్కడ పళ్ల డాక్టరు కూడా ఉండాలి, ఎందుకో పైన చెప్పాను.

6. వారానికి రెండు రోజులు స్పీచ్ థెరపిస్టు, ఒక రోజు ఆక్యుపేషనల్ థెరపిస్టు ప్రతి భవిత కేంద్రానికి రావాలి. నానమ్మలకు, తాతయ్యలకు, మేనత్తలకు అక్కడే నేర్పించండి, ఇంట్లో పిల్లవాణ్ని చూసేది వాళ్లే. పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లకు ఇచ్చే ఎస్కార్ట్ అలవెన్సు నెలనెలా వేయండి. రిసోర్స్ టీచర్ల కాంట్రాక్టు సంగతి తేల్చండి.

7. సుప్రీంకోర్టు చెప్పిన 10కి ఒకరు, 15కి ఒకరు లెక్కన రాష్ట్రానికి ఎందరు ప్రత్యేక ఉపాధ్యాయులు కావాలో మండలాల వారీగా ప్రకటించి, ఖాళీలు ఎప్పటికి నింపుతారో తేదీ చెప్పండి. తల్లి పక్కన కూర్చుంటేనే బడి అనే షరతు ఎవరూ పెట్టకూడదని సర్క్యులర్ ఇవ్వండి, గురుకులాలకు కూడా.

8. థెరపీ సెంటర్ గోడ మీద అక్కడ పనిచేసేవాళ్ల రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్లు, సెషన్ ధరలు రాసిపెట్టాలి. ఆటిజం నయం చేస్తామని బోర్డు పెట్టినవాళ్ల మీద కేసు పెట్టండి.

9. పద్నాలుగేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ బడి, ఆస్పత్రి, తల్లిదండ్రులు కూర్చుని పద్దెనిమిది దాకా ఏం చేయాలో రాసుకోవాలి: పరీక్షల్లో వెసులుబాట్లు, ఏదైనా పని నేర్చుకోవడం, నెలసరి, ఒంటి శుభ్రం, సంరక్షకత్వం. మండలానికో పగటి కేంద్రం పెట్టండి, తాళం వేసి పోయే తల్లికి ఆ రెండు గంటల కోసం.

10. జిల్లాకు ఒక అధికారి పేరు, ఫోన్ నంబర్ చెప్పండి. నాలుగు శాఖల్లో మా పని ఎక్కడ ఆగినా ఆయన్నో ఆమెనో అడుగుతాం. ఆ అధికారికి బదిలీ అయితే కొత్త పేరు చెప్పండి.

డబ్బు ఎక్కడిదంటారేమో. రెండేళ్లకు మొదలుపెట్టే పనికి ఒక టీచరమ్మ, బొమ్మల కార్డులు, నేల మీద చాప చాలు. పదిహేడేళ్లకు మొదలుపెడితే ఎంతవుతుందో మా ఇళ్ల లెక్కలు మీకు చూపించగలం. పదకొండు ఇళ్ల బిల్లులూ, రశీదులూ ఒక సంచిలో జాగ్రత్తగా దాచాం.

ఈ లేఖ అందిన 60 రోజుల్లోగా ఏవి చేస్తారో, ఏవి చేయలేరో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. చేయలేమన్నా సరే, ఎందుకో రాయండి. జవాబు రాకపోతే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కి 2016 చట్టం కింద ఫిర్యాదు ఇస్తాం, ఆ కాగితాలు సిద్ధంగానే ఉన్నాయి. ఈసారి ప్రజావాణికి పిల్లల్ని కూడా తీసుకొస్తాం. మైకు కాస్త తగ్గించి పెట్టించండి.

ఇట్లు,
మీ భవదీయురాలు,
ఒక అంగన్‌వాడీ టీచర్, పద్నాలుగేళ్ల బాబు తల్లి,
మరో పది కుటుంబాలు